భావనారాయణ నామ విచారము

ఇట్టి సంచికలయందు సంఘముయొక్క ఆదాయవ్యయములు, విద్యార్థి వేతనముల వృత్తాంతము, పెద్దల జీవితచరిత్రలు ప్రకటించుట వాడుక. వాని నడుమ ఒక్క పేరును గూర్చిన విచారమునకు చోటేల యని కొందఱు తలపవచ్చును. దానికి మా సమాధానమిది. శాసనములు వేయించిన రాజులకు ఱాళ్లలో చరిత్ర నిలిచినది. మగ్గము నేసిన మనవంటివారి చరిత్ర పాటలలోను, ఆచారములలోను, పిల్లలకు పెట్టిన పేరులలోను నిలిచినది. అందొక పేరు మాసిపోవుచున్నదన్నచో చరిత్రలో నొక పుట చినుగుచున్నదన్నమాట.

ఆ పేరు భావనారాయణ. మార్కండేయుని కుమారుడును, పద్మశాలీయులకు మూలపురుషుడును అయిన భావనాఋషి నామమే దీనికి ఆధారమని మనవారు చెప్పుదురు. ఆశ్చర్య మేమనగా, తండ్రి పేరు మనయిండ్లలో నేటికిని వినబడుచున్నది. కుమారుని పేరు వినబడదు. మేము ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలలో హాజరుపట్టికలు పిలిచినవారము. మార్కండేయా యని పిలువగా పలికినవారు పెక్కండ్రు. భావనారాయణా యని పిలువగా పలికినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అదే పేరు కృష్ణకు దక్షిణమున బాపట్ల, పొన్నూరు ప్రాంతములలో మనవారికే కాక అన్ని కులములవారికిని పెట్టబడుచు వచ్చినది. మూలపురుషుని పేరు మనయింట అరుదై పొరుగింట ప్రసిద్ధమగుటకు కారణమేమి? దీని యర్థమేమి? ఇది యెక్కడనుండి వచ్చినది? ఇకముందు నిలుచుటకు మార్గము గలదా? ఈ ప్రశ్నలను యథాశక్తి విచారింతము.

అర్థ నిర్ణయము

నేటి తెలుగున భావన యనగా తలంపు, ఊహ. ఈ యర్థము తరువాత వచ్చినది. సంస్కృతమున భూ ధాతువునకు అగుట, కలుగుట యని యర్థము. దానికి ప్రేరణార్థకమైన ణిచ్ ప్రత్యయము చేరగా కలుగజేయుట యను నర్థము వచ్చును. కర్త్రర్థమున ల్యు ప్రత్యయము చేరి 'భావనః' అగును. కావున భావను డనగా కలుగజేయువాడు, లేనిదానిని ఉన్నదానిగా చేయువాడు. విష్ణుసహస్రనామములలో 'భావః' యనునది యేడవ నామము; 'భూతభావనః' తొమ్మిదవది; 'భావనః' ముప్పదిరెండవది. భోక్త లందఱకును వారి వారి ఫలములను కలుగజేయువాడు గనుక భావనుడని శంకరభగవత్పాదులు వ్యాఖ్యానించిరి.

మీమాంసకులు ఈ మాటను మఱింత లోతుగా వాడిరి. పుట్టవలసినదాని పుట్టుకకు అనుకూలమైన కర్తయొక్క వ్యాపారమే భావన యని వారి మతము. అది శాబ్దీ భావన యనియు, ఆర్థీ భావన యనియు రెండు విధములు. వైద్యులు చూర్ణమును రసమునందో కషాయమునందో నానబెట్టి, నూఱి, ఆరనిచ్చి, మరల నానబెట్టుటను భావన యందురు. పడుగునకు గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండకు ఆరనిచ్చు మన తాతల పనిని చూచినవారికి ఈ వైద్యుల మాట వింతగా తోపదు. ఏ వస్తువునైనను మరల మరల సంస్కరించి పనికి యోగ్యముగా చేయుట భావన.

ఇక నేతపనికిని శాస్త్రమునకును గల చుట్టరికమును గూర్చి ఒక్కమాట. కార్యకారణభావమును బోధింపవలసి వచ్చినప్పుడు తార్కికులు కుమ్మరి కుండను చూపుదురు, లేదా సాలెవాని వస్త్రమును చూపుదురు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున దారములు వస్త్రమునకు సమవాయి కారణమనియు, దారముల సంయోగము అసమవాయి కారణమనియు, నాడె మగ్గము మొదలగునవి నిమిత్త కారణమనియు ఉదాహరించెను. నూలు పోగులుగా నున్నప్పుడు వస్త్రము లేదు. పడుగును పేకయు కలిసినప్పుడు వస్త్రము కలిగినది. లేనిది కలిగినది. కలుగజేసినవాడు భావనుడు. నేతగాని మూలపురుషునకు ఇంతకంటె తగిన పేరు సంస్కృతమున వెదకినను దొరకదని మా యభిప్రాయము.

గృహ్యసూత్రముల పరీక్ష

పేరు పెట్టుటకు పూర్వులు నియమము లేర్పఱచిరి. పురుషుని పేరు రెండక్షరములు గాని నాలుగక్షరములు గాని కలదై, ఘోషాక్షరముతో మొదలై, నడుమ అంతఃస్థము కలదై, కృదంతమై యుండవలెననియు, తద్ధితాంతము కారాదనియు పారస్కర గృహ్యసూత్రము విధించుచున్నది. స్త్రీ పేరు బేసి యక్షరములు కలదై ఆకారాంతమై యుండవలెనని అదియే చెప్పుచున్నది. ఆశ్వలాయనుడును పురుషునకు సరి సంఖ్యను, స్త్రీకి బేసి సంఖ్యను విధించెను.

ఈ గీటుఱాతిపై మన పేరును ఒఱసి చూతము. 'భావ' యను నామమున రెండక్షరములు, భకారము ఘోషము, వకారము అంతఃస్థము, పదము కృదంతము. నియమము చక్కగా కుదిరినది. 'భావనారాయణ' యందు ఆఱక్షరములు. సరి సంఖ్యయే గనుక ఆశ్వలాయనుని సూత్రమునకు విరోధము లేదు. 'భావనా' యందు మూడక్షరములు, తుద ఆకారము. సంఖ్యను బట్టియు అంతమును బట్టియు ఇది స్త్రీ నామమునకు తగియున్నది. ఈ చివరిమాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దీనితో ముందు పని యున్నది.

భావనాఋషి కథ

మన పెద్దలవలన వినవచ్చు కథ సంగ్రహముగా నిది. ఆదియందు దేవతలకును మానవులకును వస్త్రములు లేవు. వారి ప్రార్థనపై మార్కండేయుడు యజ్ఞము చేయగా అగ్నికుండమునుండి భావనాఋషి యుదయించెను. విష్ణునాభి కమలముయొక్క తంతువులను గ్రహించి వస్త్రము నేసి లోకముయొక్క మానమును కాపాడెను. సూర్యపుత్రియగు భద్రావతిని పెండ్లాడెను. పులిని వాహనముగా చేసికొని కాలువాసురు డను రాక్షసుని జయించెను. ఆతనికి నూటయొక్కరు కుమారులు గలిగిరి. వారివలన నూటయొక్క గోత్రము లేర్పడెను. ఎడ్గారు థర్‌స్టన్ దొర 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథమునను ఈ కథ కొలదిభేదములతో కనబడును.

పురాణమును చరిత్రగా చదువరాదు. వట్టి కల్పనయని త్రోసివేయనురాదు. కమలతంతువు నేతకు పనికివచ్చునా యని ప్రశ్నించు యువకులకు మేము చెప్పునది యిది. పద్మశాలి యను నామమునకు ఈ కథ వివరణము. పద్మము ఆ వివరణమునకు చిహ్నము. తన పనిని హీనముగా చూచు లోకమునకు, ఈ పని యజ్ఞమునుండి పుట్టినదని ఎదురుచెప్పిన ఆత్మగౌరవము ఆ కథయందు గలదు. దానిని గ్రహించినవాడు కథయొక్క సారమును గ్రహించినవాడు.

దేవాలయముల భావనారాయణుడు

ఆంధ్రదేశమున పంచ భావనారాయణ క్షేత్రములు ప్రసిద్ధములు. బాపట్ల, పొన్నూరు, భావదేవరపల్లి, సర్పవరము, పట్టిసము అనునవి యైదు. బాపట్లకు భావపురి యని సంస్కృతనామము. ఊరిపేరు స్వామి పేరునుండియే పుట్టినది. అందు స్వామిని క్షీర భావనారాయణుడందురు. పొన్నూరున సాక్షి భావనారాయణుడు. ఒక పెండ్లి వాగ్దానమునకు సాక్ష్యము పలికిన దేవుడని అక్కడి ఐతిహ్యము. చేనేతవారి నాయకుడై పేరొందిన ప్రగడ కోటయ్యగారు 1915లో జన్మించిన నిడుబ్రోలు ఆ పొన్నూరునకు ఆనుకొనియే యున్నది. కాకినాడ చెంతనున్న సర్పవరమున నారదుని కథ యున్నది. నారదుడు మాయవలన స్త్రీయై పిఠాపురపు రాజును వరించి అఱువదిమంది పుత్రులను కనెననియు, ప్రభవాది సంవత్సరములకు వారి పేరులే వచ్చెననియు అచటివారు చెప్పుదురు. పట్టిసము గోదావరి నడుమనున్న లంకపై వెలసినది.

ఇక్కడ నొక చిక్కు గలదు. ఈ యైదు క్షేత్రములును మన ఋషివేయని మన సోదరులలో కొందఱు వాదింతురు. సంఘముపై వారికిగల యభిమానమును మేము గౌరవింతుము. వాదమును మాత్రము అంగీకరింపజాలము. కారణములు మూడు. మొదటిది, ఆ క్షేత్రములందలి మూర్తి విష్ణువు, ఋషి కాడు. రెండవది, దేవేరుల పేరులు వేఱు. బాపట్లలో సుందరవల్లి, సర్పవరములో రాజ్యలక్ష్మి. మన ఋషిపత్ని భద్రావతి. మూడవది, ఊరి పేరుల సాక్ష్యము. భావపురి, భావదేవరపల్లి యను పేరులందు కనబడునది 'భావ' శబ్దము. 'భావన' శబ్దము కాదు. అనగా క్షేత్రములందలి పేరు భావ, నారాయణ యను రెండు పదముల కూడిక. మనవారి పేరో భావన, నారాయణ యను రెండు పదములు కలిసి, ప్రక్కప్రక్కన వచ్చిన రెండు నకారములలో నొకటి జాఱిపోగా నిలిచినది. తీరాంధ్రమున జనులు తఱచుగా భావన్నారాయణ యని ద్విత్వముతో పలుకుదురు. అది భావన్న యను తెలుగు పిలుపుతో కలసిన రూపమై యుండవచ్చును.

ఈ విధముగా రెండు ఏఱులు వేఱువేఱు కొండలలో పుట్టి ఒక్కచో కలిసినవి. కోస్తా మండలముల చేనేత గ్రామములలో భద్రావతీ సమేత భావనారాయణస్వామి యని మనవారు ఆలయములు నిర్మించుకొనుటయే ఆ సంగమమునకు నిదర్శనము. ఋషిని నారాయణాంశగా భావించి క్షేత్రనామముతో కొలిచిరి. పరుల యాలయములను మనవని చెప్పుకొన్నందువలన వచ్చు గౌరవముకంటె, మన పూర్వులు రెండు సంప్రదాయములను పడుగు పేకలవలె కలిపి నేసిరని చెప్పుకొన్నందువలన వచ్చు గౌరవము గొప్పదియు సత్యమైనదియు అని మేము తలంతుము.

తెలంగాణమున ఏల అరుదాయెను

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. పేరు పురాణమును అనుసరింపదు; గుడిని అనుసరించును. తెలంగాణములోని మన తాతముత్తాతల పేరులను పరికింపుడు. రాజేశము లున్నచో వేములవాడ రాజన్న తలపునకు వచ్చును. కొమురయ్య లున్నచో కొమురవెల్లి మల్లన్న. ఓదెలు లున్నచో ఓదెల మల్లన్న. యాదగిరు లున్నచో యాదగిరిగుట్ట నరసింహుడు. సంతానము లేనివారు ఏ దేవునికి మ్రొక్కిరో ఆ దేవుని పేరు బిడ్డకు పెట్టిరి. బాపట్ల పొన్నూరులవారు భావనారాయణునకు మ్రొక్కిరి గనుక అక్కడ ఆ పేరు అన్ని కులములలో వ్యాపించినది. తెలంగాణమున పంచక్షేత్రములలో నొక్కటియు లేదు. మనవారు పట్టణ పట్టణమున కట్టుకొన్న ఆలయములు మార్కండేయునివి. వలసపోయిన షోలాపురమునను శ్రావణ పూర్ణిమనాడు రథముపై ఊరేగునది మార్కండేయుడే. అందుచేత తండ్రి పేరు నిలిచినది. కుమారుని పేరునకు గుడి నీడ దొరకలేదు.

అట్లైనచో ఆ నామమును ఇన్ని శతాబ్దములు ఎవరు కాపాడిరి? కూనపులివారు. వీరు మన సంఘమును ఆశ్రయించి, పటము విప్పి కథ చెప్పి, మనవారి యిండ్లలో త్యాగము గ్రహించి జీవించినవారు. కూన యనగా పిల్ల. ఋషి వాహనమైన పులి వారి పేరులోనే యున్నది. వారి పటమును చేర్యాల మొదలగు గ్రామముల నకాశీ చిత్రకారులు వ్రాసి యిచ్చెడివారు. నేతబట్టకు గంజియు, సుద్దయు, చింతగింజల జిగురును పట్టించి, ఎఱ్ఱని వర్ణము నేలగా వేసి, గజముల కొలది పొడవున వరుస వరుసగా కథను చిత్రింతురు. రాత్రి దీపము వెలుగున ఒక్కొక్క వరుసను విప్పుచు పాడుచుండగా మన పల్లెలు భావనాఋషి చరిత్రమును చదువకయే నేర్చినవి. హైదరాబాదునందలి జగదీశ్ కమలా మిత్తల్ కళాప్రదర్శనశాలలో 1625 నాటి యిట్టి పటము గలదు. తెలంగాణ పటచిత్రములలో తేది తెలిసినవానియందు అది మిక్కిలి పురాతనమైనదిగా పండితులు పరిగణింతురు. అందలి కథ మన ఋషిదే. నాలుగువందల యేండ్ల క్రిందటనే ఈ నామమును మనవారు బట్టపై వ్రాయించి వినియుండిరని తెలియుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

గమనింపదగిన విషయము మఱియొకటి. ఆ పటము బట్ట. నేసినవాడు మనవాడు, చిత్రించినవాడు నకాశీ, పాడినవాడు కూనపులి, విన్నవాడు మరల మనవాడు. ఈ గొలుసులో నొక లంకె తెగినను పేరు నిలువదు. మగ్గములు మూలబడి మనవారు భివండికిని, సూరత్తునకును, షోలాపురమునకును, ఈ జీడిమెట్ల కర్మాగారములకును చెదరిపోయినప్పుడు కథ వినువారు లేకపోయిరి. వినువారు లేనిచోట చెప్పువారికి బత్తెము లేదు. కూనపులివారి బిడ్డలును ఇతర వృత్తులు చూచుకొనిరి. ఇందు వారి తప్పు లేదు.

ఆక్షేపణములు

పేరు పొడవైనదనియు, పాతవాసన గలదనియు, కార్యాలయములలో రెండక్షరములకు కుదించి పిలుతురనియు యువదంపతులు చెప్పుదురు. కుదించుట యన్ని పేరులకును వచ్చినదే. పాతదనుట సరికాదు; ఎన్నడో మఱచిన పేరు విన్నవారికి క్రొత్తగానే తోచును. పిలుచుటకు సుకరముగా నుండవలెనన్నచో 'భావ' యను రెండక్షరముల పేరే గలదు. గృహ్యసూత్రము మెచ్చిన పేరది. బావ యను బంధువాచకముతో కలసి పరిహాసమునకు తావిచ్చునని భయపడువారు భావనమూర్తి యనియో, భావనప్రసాదు అనియో పెట్టుకొందురు గాక.

ఇక ముందు చెప్పిన మాటకు వత్తము. నేడు భావన యను పేరు ఆడుపిల్లలకు విరివిగా పెట్టబడుచున్నది. పెట్టువారు అందమైన తలంపు అను నర్థముననే పెట్టుచున్నారు. అయినను శబ్దము అదియే; ధాతువు అదియే; శాస్త్రమునకును సమ్మతము. మగవానికి పాతబడినదని విడిచిన నామమును మన కుమార్తెలు తెలియకయే మోయుచున్నారు. వారిని పిలిచి, అమ్మా, నీ పేరునకు కలుగజేయునది యని యర్థము. నీ వంశమున మొదటి వస్త్రమును నేసినవాని పేరది యని చెప్పినవారెందఱు? చెప్పకపోవుట మన లోపము. భద్రావతి యను నామమును అంతే. మూడు నాలుగు తరముల క్రిందట మనయిండ్లలో అవ్వల పేరది. దానిని మరల తొట్టెలోనికి తెచ్చుటకు వ్యయమేమియు కాదు.

విన్నపము

మన సభ జరుగుచున్న ఈ తావు సుచిత్ర. మేడ్చలు మార్గమున నిత్యము వేలమంది ఈ కూడలిపేరు చెప్పి దిగుచున్నారు. సుచిత్ర యనగా చక్కని వన్నెలు గలది, చక్కగా చిత్రింపబడినది యని యర్థము. వన్నె వన్నెల నూలుతో బ్రతికిన మనకు ఈ స్థలనామము శుభసూచకము. శామీరుపేట దాటి రాజీవు రహదారిపై ములుగు చేరినచో కొండా లక్ష్మణ్ బాపూజీగారి పేరు మోయుచున్న ఉద్యాన విశ్వవిద్యాలయము కనబడును. 1915లో జన్మించి 2012లో గతించిన ఆ మహనీయుని పేరు ఒక విద్యాలయమున నిలిచినది గనుక, ఆయన నెఱుగని బాలురును ఆ పేరు చదువుచున్నారు. పేరును నిలుపుటకు స్థానము కావలయును, పలుకు నాలుక కావలయును. ఋషినామమునకు ఆ రెండును కల్పించుట మన చేతనే యున్నది.

కావున పోషకమహాశయులకు మా విన్నపములు మూడు. ఏటేట మన సభలో ఒక రాత్రి కూనపులివారిని పిలిపించి పటము విప్పించి, వారి శ్రమకు తగిన సంభావన యీయవలెను. దయాదానముగా కాదు, మన చరిత్రను మోసినందుకు చెల్లింపవలసిన బాకీగా. వారి పాటలను యథాతథముగా ధ్వనిముద్రణము చేయించి, వ్రాతలోనికి ఎక్కించి, సంఘ గ్రంథాలయమున ఉంచవలెను. మనకు రుచింపని భాగములను దిద్దరాదు. మార్కండేయ దేవాలయములలో నామకరణమునకు వచ్చు తలిదండ్రులకు భావనారాయణ, భావన, భద్రావతి మొదలగు నామములను అర్థముతో గూడ అచ్చొత్తించి యీయవలెను. పెట్టుట పెట్టకుండుట వారి యిష్టము. ఎఱుక పఱచుట మన విధి.

లేనిదానిని కలుగజేయుట భావన యని మొదట చెప్పితిమి. ఉన్నదానిని లేకుండ చేసికొనుట ఆ ఋషి సంతతికి తగదు. ఆయన నామము మన బిడ్డలయందు చిరకాలము పలుకుచుండు గాక.

స్వస్తి.